కోతిమూక, కందిరీగ గూడు: ఒక పోలిక చరిత్ర

వెన్నెముక గల జంతువుల సంఘజీవనాన్నీ కీటకాల సంఘజీవనాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే కొలబద్దతో కొలిచే అలవాటు జీవశాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో రూపుదిద్దుకుంది. ఈ అలవాటులో కోతి పక్షాన పదే పదే నిలిచినది ఉత్తర భారతంలో ఊరూరా కనిపించే రీసస్ కోతి. కందిరీగ పక్షాన మొదట ఐరోపాలోని పోలిస్టిస్ జాతులు, తరువాతి కాలంలో దక్షిణ భారతంలో చూరుల కిందా కిటికీ రెక్కల వెనుకా గూళ్లు కట్టుకునే రోపాలిడియా మార్జినాటా నిలిచాయి. ఈ రెండు వంశాలూ విడిపోయి యాభై కోట్ల ఏళ్లు దాటింది కనుక, కలిసి బతకడంలో వాటి మధ్య కనిపించే సామ్యం ఉమ్మడి పూర్వికుల నుంచి సంక్రమించినది కాజాలదు. దాని కారణాన్ని సంఘంగా బతకడమనే స్థితిలోనే వెతకాలి. ఆ అన్వేషణను తొలినుంచి పరిశీలిస్తే, సామ్యాన్ని చూపి అబ్బురపడిన సందర్భాలకన్నా, ఒకే పద్ధతిలో కొలిచాక తేడా బయటపడిన సందర్భాలే శాస్త్రానికి ఎక్కువ మేలు చేశాయని తెలుస్తుంది.

ఈ చరిత్రకు మొదలు కోళ్లలో ఉంది. నార్వే దేశస్థుడు థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బే 1922లో జర్మన్ భాషలో ప్రచురించిన పరిశోధనలో, ఒకే దొడ్డిలో పెరిగే కోళ్లలో ఏది దేనిని పొడుస్తుందో, ఏది ఎదురు తిరగకుండా తప్పుకుంటుందో నమోదు చేసి, వాటి మధ్య స్థిరమైన పెత్తనపు వరుస ఉంటుందని చూపాడు. గుంపులోని ప్రతి ప్రాణినీ విడిగా గుర్తుపట్టి, జంటజంటగా జరిగే తగవుల ఫలితాలను పట్టికకెక్కిస్తే సంఘపు నిర్మాణం అంకెల రూపంలో కనబడుతుందన్న ఆలోచన దానితో వ్యాప్తిలోకి వచ్చింది.

ఆ ఆలోచనను కీటకాల మీద ప్రయోగించి, అలాంటి వరుసను కందిరీగలలో స్పష్టంగా నిరూపించినవాడు ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో పనిచేసిన లియో పార్ది (1915–1990). ఆయన ఎంచుకున్న పోలిస్టిస్ కందిరీగలు కొయ్య పీచును నమిలి లాలాజలంతో కలిపి, కాగితం వంటి పదార్థం చేసి, చిన్న కాడకు వేలాడే ఒకే అట్ట గూడు కడతాయి; తేనెటీగల పుట్టలాగా చీకటిలో కాక, పై కప్పు లేకుండా బట్టబయలుగా ఉండడం వల్ల ఈ గూటిలో జరిగేదంతా పరిశీలకుడి కంటికి ఆనుతుంది. చలికాలాన్ని దాటిన ఆడ ఈగలు వసంతంలో ఒక్కొక్కటిగానో, కొన్ని కలిసో కొత్త గూడు మొదలుపెడతాయి. కలిసి మొదలుపెట్టినప్పుడు కొద్ది రోజులలోనే వాటిలో ఒకటి గుడ్లు పెట్టే తల్లిగా నిలిచి మిగిలినవి మేతకు తిరిగే పనిగత్తెలుగా మారిపోవడం అంతకుముందే గమనించిన విషయమైనా, పుట్టుకలో తేడా లేని ఈగల మధ్య ఆ విభజన ఎలా ఏర్పడుతుందన్నది అప్పటికి తేలలేదు.

యుద్ధకాలపు ఇటలీలో పార్ది ఈగలకు విడివిడిగా గుర్తులు పెట్టి, గూటి మీద రెండు ఈగలు ఎదురుపడినప్పుడల్లా ఏమి జరుగుతుందో రాసుకున్నాడు. పెత్తనం గలది కాళ్ల మీద ఎత్తుగా నిలిచి రెండవదానిని స్పర్శశృంగాలతో, అంటే వాడుకలో మీసాలనే అవయవాలతో, తడుముతుంది. లొంగినది ఒళ్లు గూటికి ఆనించి, మీసాలు వంచి కదలకుండా ఉండిపోతుంది. ఇవే ఘటనలను పట్టికలో అమర్చినప్పుడు కోళ్లలో కనిపించిన వరుసే కనిపించింది. అయితే పార్ది అక్కడితో ఆగలేదు. నోటి నుంచి నోటికి జరిగే ఆహారపు మార్పిడిలో లొంగినది ఎక్కువ ఇస్తుందనీ, పైనున్నది ఎక్కువ పుచ్చుకుంటుందనీ, పై ఈగ కింది ఈగలు పెట్టిన గుడ్లను తినేసి ఆ గదిలో తన గుడ్డు పెడుతుందనీ, కోసి చూస్తే అండకోశాల పెరుగుదల కూడా పెత్తనపు వరుసనే అనుసరిస్తుందనీ ఆయన చూపాడు. 1942 నుంచి వెలువడిన ఈ పరిశోధన సారం 1948లో షికాగో విశ్వవిద్యాలయపు పత్రికలో ఇంగ్లీషులో అచ్చయి, ఇటాలియన్ చదవలేని పాఠకులకు చేరింది. కోళ్లలో ఎవరు ముందు తినాలన్న ప్రశ్నగా ఉన్న వరుస, కందిరీగలలో ఎవరు పిల్లలను కనాలన్న ప్రశ్నగా మారిందన్నది ఇందులోని అసలు కొత్తదనం. పోలిక మొదలైన చోటే తేడా కూడా మొదలైందన్నమాట.

అదే కాలంలో అట్లాంటిక్ ఆవలి ఒడ్డున కోతుల చరిత్ర వేరే దారిలో నడిచింది. పనామాలోని బారో కొలరాడో దీవిలో అరుపుకోతులను, 1937లో సయాం అడవులలో గిబ్బన్లను గమనించిన అమెరికన్ శాస్త్రవేత్త క్లారెన్స్ రే కార్పెంటర్, కోతులను బోనుల్లో కాక స్వేచ్ఛగా తిరిగే స్థితిలో ఏళ్ల తరబడి చూడగల స్థలం కావాలని కోరుకున్నాడు. వైద్య పరిశోధనకు కోతులు కావలసిన సంస్థల కోరిక కూడా దానితో కలవడంతో, ప్యూర్టో రికో తీరానికి దగ్గరలో ఉన్న సుమారు 15 హెక్టార్ల కాయో శాంటియాగో దీవిని ఎంచుకున్నారు. కార్పెంటర్ స్వయంగా భారతదేశానికి వచ్చి రీసస్ కోతులను సేకరించి, కలకత్తా రేవులో ఓడకెక్కించి తీసుకుపోయాడు. 1938 చివరి నుంచి ఆ దీవిలో వదిలినవి 409. ఈనాటికీ ఆ దీవిలో ఉన్న కోతులన్నీ ఆ భారతీయ మూలపు సంతతే. మన రావిచెట్ల కోతి సంఘజీవనాన్ని గురించి లోకం చదువుకున్న పాఠాలలో చాలాభాగం కరీబియన్ సముద్రంలో రాసినవి కావడం కొంత విడ్డూరమే.

ఎక్కడెక్కడివో కోతులను ఒకచోట వదిలినందువల్ల కాలక్రమంలోనే అవి మూకలుగా కట్టుకున్నాయి. ఆ మూకల మీద కార్పెంటర్ చేసిన ఒక ప్రయోగం ఈ చరిత్రకు ముఖ్యమైనది: ఒక మూకలో పెత్తనం చేస్తున్న మగకోతిని పట్టి తాత్కాలికంగా తప్పించినప్పుడు, ఆ మూక తిరిగే నేల పొరుగు మూకల ఒత్తిడికి కుంచించుకుపోయి, లోపలి తగవులు పెరిగాయి, దానిని తిరిగి వదలగానే పాత కట్టు మళ్లీ నిలబడింది. పై స్థానంలోని ప్రాణిని తొలగించి చూడడమనే ఈ పద్ధతి తరువాత కందిరీగల పరిశోధనకు ప్రధాన సాధనం అయింది.

యుద్ధకాలంలో ధనం కొరవడి దీవి పరిశోధన నీరసించిపోగా, 1956లో హార్వర్డ్ విద్యార్థి స్టువర్ట్ ఆల్ట్‌మన్ అక్కడికి చేరి, ప్రతి కోతికీ పచ్చబొట్టు గుర్తు వేసి, ఎవరు పుట్టారో, ఎవరు చనిపోయారో నిత్యం నమోదు చేసే పద్ధతిని ప్రారంభించాడు. ఆయనకు పర్యవేక్షకుడుగా ఉన్నది ఎడ్వర్డ్ విల్సన్ అనే 27 ఏళ్ల చీమల శాస్త్రవేత్త. విల్సన్ ఆ దీవికి వెళ్లి కోతులను చూసిన రోజులలోనే గురుశిష్యులిద్దరూ చీమల పుట్టకూ కోతుల మూకకూ ఉమ్మడిగా వర్తించే శాస్త్రం ఒకటి సాధ్యమా అని చర్చించుకున్నారు. అప్పటికప్పుడు వారికి దొరికిన సామ్యం స్వల్పమే. కానీ 1962లో రీసస్ కోతుల మీద ఆల్ట్‌మన్ ప్రచురించిన పెద్ద వ్యాసపు శీర్షికలోనే సోషియోబయాలజీ, అంటే సంఘజీవశాస్త్రం, అన్న మాట ఉంది.

ఈలోగా కోతుల వరుస గురించి జపాన్ నుంచి అనుకోని సంగతి వచ్చింది. అక్కడి కోతులను తల్లీపిల్లల వారీగా గుర్తుపట్టి చూసిన కవాయి, కవమురా అనే పరిశోధకులు ఆడపిల్ల స్థానం దాని బలం మీద కాక తల్లి స్థానం మీద ఆధారపడుతుందని 1958లో ప్రకటించారు. కాయో శాంటియాగోలో డొనాల్డ్ సేడ్ 1967లో రీసస్ కోతులలోనూ అదే నియమాన్ని చూపాడు. మగపిల్లలు యుక్తవయసులో పుట్టిన మూకను వదిలిపోతాయి. ఆడపిల్లలు అక్కడే ఉండి, తల్లికి సరిగ్గా కింది మెట్టున చేరతాయి. అక్కచెల్లెళ్లలో చిన్నది పెద్దదానిని దాటిపోతుంది. పై మెట్టున ఉన్న కుటుంబపు పిల్లలకు మేత బాగా దొరుకుతుంది, త్వరగా ఈడేరుతాయి. అయినా కింది మెట్టున ఉన్న ఆడకోతి సైతం పిల్లలను కంటుంది, పెంచుతుంది. పార్ది చూసిన గూటిలో కింది ఈగకు ఆ అవకాశమే అరుదు.

మరి ఆ ఈగ గూటిని వదిలి ఎందుకు పోదు? ఇంగ్లీషు శాస్త్రవేత్త విలియం హామిల్టన్ 1964లో దీనికి ఇచ్చిన సమాధానం జన్యువుల లెక్క మీద నిలిచింది. తన పిల్లల ద్వారానే కాక, దగ్గరి బంధువుల పిల్లల ద్వారా కూడా ఒక ప్రాణి జన్యువులు తరువాతి తరానికి చేరతాయి కనుక, సాయం పొందే బంధువుకు కలిగే లాభాన్ని బంధుత్వపు పాలుతో గుణించినప్పుడు సాయపడే ప్రాణికి కలిగే నష్టంకన్నా ఎక్కువైతే త్యాగం నిలదొక్కుకుంటుంది. చీమలు, తేనెటీగలు, కందిరీగలలో ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి మగది పుడుతుంది. తండ్రికి ఉన్నది ఒకే వరుస క్రోమోజోములు కావడం వల్ల సొంత అక్కచెల్లెళ్ల మధ్య బంధుత్వం నాలుగింట మూడు వంతులుగా, తల్లీకూతుళ్ల మధ్య సగంగా ఉంటుంది. చెల్లెలిని పెంచడం కూతురిని కనడంకన్నా లాభమన్న ఈ లెక్క చాలాకాలం పాఠ్యపుస్తకాలను ఏలింది; దాని సొంపే దానికి కొంత చేటు చేసిందని తరువాతి పరిశోధన చూపింది.

విల్సన్ 1971లో కీటక సంఘాల మీద రాసిన గ్రంథపు చివరి అధ్యాయంలో, చెదల పుట్టకూ రీసస్ మూకకూ ఒకే రాశులు, ఒకే గణిత సిద్ధాంతం వర్తించినప్పుడే ఏకీకృత సంఘజీవశాస్త్రం ఏర్పడుతుందని రాశాడు. కోతుల సంఘం ఒకరినొకరు వ్యక్తులుగా ఎరిగిన సంఘమనీ, కీటకాల సంఘం వ్యక్తి పరిచయం లేనిదనీ ఒక గీత కూడా ఆయనే గీశాడు. 1975లో వెలువడిన ఆయన బృహద్గ్రంథం చివరి అధ్యాయాన్ని మనిషికి కేటాయించడంతో పెద్ద వివాదం రేగింది. రిచర్డ్ లెవాంటిన్, స్టీఫెన్ జే గూల్డ్ వంటి సహోద్యోగులే వ్యతిరేకించారు, 1978లో వాషింగ్టన్ సభలో నిరసనకారులు ఆయన నెత్తిన నీళ్లు కుమ్మరించారు. ఆ వివాదపు హోరు కోతికీ కందిరీగకూ నిజంగా జరుగుతున్న పోలికను కొన్నాళ్లు కనపడకుండా చేసింది.

నిజమైన పోలిక నిశ్శబ్దంగా పద్ధతుల ద్వారా సాగింది. కెన్యాలో బబూన్లను పరిశీలించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో, గుంపులోని జంతువులను ఎంతసేపు, ఏ క్రమంలో చూస్తే పక్షపాతం లేని లెక్క వస్తుందో వివరిస్తూ ఒక వ్యాసం రాసింది. కళ్లకు కొట్టొచ్చినట్టు జరిగే తగవులనే రాసుకుంటే నిశ్చలంగా కూర్చున్న ప్రాణి పట్టికలోంచి జారిపోతుందనీ, నిర్ణీత క్షణాలలో ప్రతి ప్రాణీ ఏమి చేస్తున్నదో నమోదు చేయాలనీ అందులోని సూచన. కోతుల కోసం పుట్టిన ఈ పద్ధతి కొద్ది ఏళ్లలోనే బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో కందిరీగల మీద ప్రయోగానికి వచ్చింది.

అణుజీవశాస్త్రంలో పరిశోధన పట్టా పొందిన రాఘవేంద్ర గదగ్‌కర్ అక్కడ రోపాలిడియా మార్జినాటా గూళ్లను చూడసాగి, ఎన్.వి. జోషితో కలిసి 1983లో తొలి ఫలితాలలో ఒకదానిని ప్రచురించాడు. ఈగలకు త్వరగా ఆరే రంగుచుక్కలు పెట్టి, ఒక్కొక్కటి తన కాలాన్ని ఏ పనులకు ఎంత ఖర్చు చేస్తున్నదో లెక్కగట్టినప్పుడు, అవి మూడు వర్గాలుగా విడిపోయాయి: కూర్చునేవి, తగవులాడేవి, మేతకు పోయేవి. పార్ది పాఠం ప్రకారం రాణి తగవులాడే వర్గంలో ఉండాలి. రోపాలిడియా సయాథిఫార్మిస్ అనే దగ్గరి జాతిలో ఉన్నది కూడా అక్కడే. కానీ మార్జినాటా రాణి కూర్చునే వర్గంలో తేలింది. పెత్తనం చూపని, ఎవరితోనూ పెద్దగా కలియబడని ఆ సాధు ఈగ గూటిలో గుడ్లన్నీ పెడుతున్నది. కోతుల నుంచి అరువు తెచ్చిన పద్ధతి లేకపోతే ఈ కూర్చున్న ఈగ లెక్కలోకి వచ్చేది కాదేమో.

అప్పుడు కార్పెంటర్ దీవిలో చేసినట్టే ఇక్కడా పై స్థానంలోని ప్రాణిని తొలగించారు. రాణిని తీసేసిన కొద్దిసేపటికే పనిగత్తెలలో ఒకటి విపరీతంగా ఉగ్రమవుతుంది. రాణిని తిరిగి పెడితే చల్లబడిపోతుంది, పెట్టకపోతే సుమారు వారంలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రోజులు గడిచే కొద్దీ తానూ సాధువై కూర్చుంటుంది. మూకలో తగవు పెరగడం రెండు చోట్లా కనబడినా, కోతులలో అది అందరిలోకీ పాకింది, కందిరీగలలో ఒక్క ఈగలోనే కేంద్రీకరించింది. రాణి తన ఉనికిని పోట్లాటతో కాక, పొట్ట చివరి గ్రంథి నుంచి స్రవించే రసాయనాన్ని గూటికి రుద్ది తెలియజేస్తుందని తరువాత తేలింది. మిగిలిన ఈగల మధ్య రోజూ జరిగే పెత్తనపు చేష్టలు సంతానం కోసం పోటీ కావనీ, నాట్లలో ముఠామేస్త్రీ కూలీలను పురమాయించినట్టు మేతకు పోయేవాటిని కదిలించే సాధనమనీ ప్రయోగాలు సూచించాయి. గూటికి ఆహారం చేతితో అందించినప్పుడు మేత ఈగలు తినే తాకిళ్లు తగ్గాయి.

హామిల్టన్ లెక్క కూడా ఇక్కడ తడబడింది. మార్జినాటా రాణి ఒకటికి మించిన మగ ఈగలతో జతకడుతుంది, గూటికి రాణులు మారుతూ ఉంటాయి. అందువల్ల ఒకే గూటి ఈగల మధ్య బంధుత్వం నాలుగింట మూడు వంతులకు చాలా తక్కువ. ఒంటరిగా గూడు కట్టిన ఈగ తన పిల్లలు ఎదగకముందే చనిపోతే శ్రమంతా వృథా అవుతుందనీ, గుంపులో ఉంటే అది చేసిన కొంత పని అయినా తోటివారి చేతుల మీదుగా ఫలిస్తుందనీ గదగ్‌కర్ 1990లో వాదించాడు. ఇరవై ఏళ్ల పరిశోధనను కూర్చిన ఆయన గ్రంథం 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ముద్రణగా వచ్చింది.

ఈ ప్రయోగశాల నుంచే కోతుల వైపు మళ్లినవాడు అనింద్య సిన్హా. ఆయన కూడా అణుజీవశాస్త్రం నుంచి వచ్చినవాడే. 1990ల తొలి ఏళ్లలో రోపాలిడియా పరిశోధనలలో పాలుపంచుకుని, అటుపై నడినెత్తి నుంచి వెంట్రుకలు టోపీలా పరుచుకునే దక్షిణాది బోనెట్ కోతి సంఘజీవనాన్ని తన ప్రధాన విషయం చేసుకున్నాడు. తెలుగు నేలకు ఈ చరిత్రతో నేరుగా సంబంధం కుదిరేది ఇక్కడ. పడమట తపతి, తూర్పున గోదావరి దాకా రీసస్ కోతి, ఆ దిగువన బోనెట్ కోతి అన్నది స్థూలంగా పాత హద్దు. దానిని 1981లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చిన వ్యాసం సవరించింది. 2011లో సిన్హా బృందం ప్రచురించిన పరిశీలన పడమటి హద్దు దాదాపు కదలలేదనీ, ఆగ్నేయాన, అంటే తెలుగువారి వైపున, రీసస్ దక్షిణానికి చొచ్చుకువచ్చి బోనెట్ కోతిని వెనక్కు నెడుతున్నదనీ చూపింది. ఊళ్లలో బెడద పెట్టిన కోతులను పట్టి దూరంగా వదిలిపెట్టే వాడుకకు అందులో భాగముంది.

వ్యక్తి పరిచయం గురించి విల్సన్ గీసిన గీత ఇరవయ్యొకటో శతాబ్దంలో చెరిగిపోసాగింది. ఎలిజబెత్ టిబెట్స్ 2002లో పోలిస్టిస్ ఫస్కేటస్ జాతి ఈగల ముఖాల మీది మచ్చలను రంగుతో మార్చి, వాటిని సొంత గూటికే తిరిగి పంపింది. తోటి ఈగలు వాటిని పరాయివాటిలా ఎదిరించాయి, ముఖం మారని వాటి మీద మాత్రం అంత కోపం చూపలేదు. ఆ జాతి ఇతర చిత్రాలకన్నా ముఖాలనే త్వరగా నేర్చుకుంటుందని 2011లో మైకేల్ షీహన్‌తో కలిసి ఆమె నిరూపించింది. ఒంటరి తల్లులు గూళ్లు కట్టే దగ్గరి జాతిలో ఆ నేర్పు లేదు. దానికన్నా విశేషమైనది 2019లో తేలిన సంగతి. ఒకటి రెండింటికన్నా పైదనీ, రెండు మూడింటికన్నా పైదనీ తెలిస్తే, ఎన్నడూ పక్కపక్కన చూడని ఒకటి మూడింటికన్నా పైదని ఊహించగలగడాన్ని సంక్రమణ అనుమానం అంటారు. పసిపిల్లలకే కాక కోతులకూ ఆ శక్తి ఉందని 1977లో స్క్విరల్ కోతుల మీద జరిగిన ప్రయోగం చెప్పింది. తేనెటీగలు 2004లో ఆ పరీక్షలో తప్పాయి. పోలిస్టిస్ కందిరీగలు రంగుల జంటలతో నెగ్గాయి. తేనెటీగ మెదడుకూ కందిరీగ మెదడుకూ పరిమాణంలో పెద్ద తేడా లేదు. పెత్తనపు వరుసలో రోజూ తన మెట్టు చూసుకోవలసిన ప్రాణికి ఆ శక్తి అక్కరకు వస్తుందన్న వివరణ, పార్ది పట్టికల నుంచి డెబ్బై ఏళ్లకు, సహేతుకంగానే కనబడుతుంది.

వారసత్వం దగ్గరకు వచ్చేసరికి ఈ రెండు సంఘాలూ మళ్లీ దూరమవుతాయి. కాయో శాంటియాగో నమోదు పుస్తకంలో తల్లి మెట్టు చూస్తే నేడు పుట్టిన ఆడపిల్ల రేపు ఎక్కడ నిలుస్తుందో దాదాపుగా చెప్పవచ్చు. మార్జినాటా గూటిలో రాణి ఉన్నంతకాలం తరువాతి రాణి ఏదో పెత్తనపు వరుసను బట్టి పరిశీలకుడు చెప్పలేడు. అనిందిత భద్ర, గదగ్‌కర్ 2008లో గూటిని తీగవలతో రెండుగా విడదీసి, రాణిని ఒక పక్కనుంచి మరో పక్కకు మార్చి చూసినప్పుడు, మనకు అంతుపట్టని ఆ వారసురాలు ఈగలకు ముందే తెలిసినదనీ, అది లేచినప్పుడు మరొకటి పోటీకి రాదనీ తేలింది. 2012లో వెలువడిన మరో ప్రయోగంలో ఒకదాని తరువాత ఒకటిగా వారసురాళ్లను తీసేస్తూ పోయినా ప్రతిసారీ ఒక్క ఈగే ముందుకు వచ్చింది, మిగిలినవి దారి ఇచ్చాయి. ఎక్కువ వయసు గల ఈగకు అవకాశం కొంత ఎక్కువగా ఉన్నా, ఆ వరుస వయసునే కచ్చితంగా అనుసరించలేదు.